ఈఎస్ఐ: పదేళ్లు చందా కట్టి, మొదటిసారి వాడుకున్నాక

పదేళ్లుగా నెలనెలా ఈఎస్ఐ (పనివాళ్లకి వైద్యం, దెబ్బ తగిలితే డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా) చలాన్ కడుతున్నా, దాంతో మా షాపుకి పని పడింది మాత్రం పోయినేడే. హైదరాబాద్‌లో మాది చిన్న షీట్ మెటల్ షాపు, పద్నాలుగు మందిమి. పవర్ ప్రెస్ మీద పనిచేసే కుర్రాడి చూపుడువేలు చివరి కణుపు తెగిపోయింది. కట్టు కట్టించుకుని బయటికొచ్చి వాడన్న మొదటి మాట, "సార్, వేలు సంగతి తర్వాత, ఈ నెల కిరాయి ఎట్లా?"

ముందు మంచి చెప్తా. వాడి జీతం 18,000. అందులో 0.75 శాతం, అంటే 135 రూపాయలు వాడిది, 3.25 శాతం, 585 మాది. ఆ 720కి వైద్యం ఉచితం, పనికి రాలేని రోజులకి జీతంలో 90 శాతం. మామూలు జబ్బుకైతే 70 శాతమే, అదీ కొన్నాళ్లు చందా కట్టి ఉంటేనే. పనిలో దెబ్బకి ఆ షరతు లేదు, చేరిన రోజే తగిలినా ఇస్తారు. తర్వాత మెడికల్ బోర్డు చూస్తుంది. చట్టంలో పట్టిక ఉంది, చూపుడువేలు ఒక కణుపు పోతే సంపాదించే శక్తి 9 శాతం పోయినట్టు లెక్క. జీతంలో ఆ 90 శాతం మీద ఈ 9 శాతం చొప్పున వాడికి నెలకి సుమారు 1,450, బతికున్నంత కాలం. ఇది నా జేబులోంచి ఇవ్వాలంటే నా వల్ల అయ్యేది కాదు.

చిక్కల్లా ఆ డబ్బు చేతికొచ్చేదాకానే. మా ఈఎస్ఐ కాయితాలు చూసే కన్సల్టెంట్ కుర్రాడి ఈఎస్ఐ కార్డులో పేరు ఒక అక్షరం తప్పు కొట్టాడు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంది, దాంతో రెండు నెలలు ఆగింది. తప్పు మాదే, ఆఫీసువాళ్లని ఏమీ అనలేను. కానీ ఆ రెండు నెలలూ వాడు కట్టు చేత్తో రెండు బస్సులు మారి, డాక్టర్ సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడ్డాడు, కిరాయికి నేను అడ్వాన్స్ ఇచ్చా. ఓనరు ఇవ్వకపోతే? చందా రికార్డంతా వాళ్ల దగ్గరే ఉంది కదా, మొదటి నెల డబ్బు ముందు వేసేసి కాయితాలు తర్వాత చూసుకుంటే ఏం పోతుంది?

రెండోది జీతం పరిమితి. 2017 జనవరిలో 15,000 నుంచి 21,000 చేశారు. మా సీనియర్ ఫిట్టర్‌కి జీతం పెంచితే అది దాటాడు, ఆ ఆర్నెల్ల చందా కాలం అయ్యాక ఈఎస్ఐ లోంచి బయటికి! మెషీన్ అదే, ప్రమాదం అదే. ఇక దెబ్బ తగిలితే పరిహారం మొత్తం ఓనరు నెత్తినే, 1923 నాటి పనివాళ్ల పరిహార చట్టం నుంచీ అంతే. అతనికోసం బయట వేరే పాలసీ కొన్నా. (మా పక్క షాపుల్లో పన్నెండు మంది ఉంటే తొమ్మిది మందినే చూపించేవాళ్లున్నారు, పది మంది ఉంటే చందా కట్టాలని. ఏదైనా అయితే అయిన ఖర్చంతా ఓనరు దగ్గరే వసూలు చేస్తారు బాబూ.)

మొత్తమ్మీద ఐదుకి మూడున్నర ఇస్తా. కుర్రాడు తిరిగొచ్చాడు గానీ ప్రెస్ వైపు రానంటాడు, ప్యాకింగ్‌లో ఉన్నాడు. నేను మాత్రం మర్నాడే అందరి కార్డులూ, పాస్‌బుక్కులూ తెప్పించి పేర్లు పక్కపక్కన పెట్టి చూశా. ఇంకో ఇద్దరివి తేడాగా ఉన్నాయి.