ఇరవై ఏళ్ల ఫియట్, ఎండాకాలం తడిగుడ్డ

కాగితాల మీద ప్రీమియర్ పద్మిని. మా కావలిలో మాత్రం ఎవరూ ఆ పేరు పలకలేదు, అందరికీ అది ఫియట్టే. బొంబాయి కుర్లాలో తయారైన 1986 మోడల్. మా నాయన 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2011 దాకా వాడాం.

ముందు మైలేజీ సంగతి. ఇంట్లో గొడవంతా దాని మీదే. 1089 సీసీ ఇంజను ఊళ్లో 9, హైవే మీద 12 ఇచ్చేది. నాయన బండిలో ఒక లెక్కల పుస్తకం పెట్టేవాడు: పోయించిన లీటర్లు, మీటర్ రీడింగు, ఎక్కినవాళ్ల పేర్లు. అవును, పేర్లు కూడా. నెల్లూరు పోయి రావడానికి తొమ్మిది లీటర్లు తాగే బండిలో ఇద్దరే పోవడం ఆయన లెక్కలో పాపం. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బల్లలా ఖాళీ. అక్కడ ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు. డిక్కీలో నెల్లూరు అక్కకి బియ్యం బస్తా. ఆసుపత్రికి పోవాల్సిన పక్కింటి పిన్నో, కోర్టు వాయిదా ఉన్న బాబాయో కుదిరేదాకా మా ప్రయాణం కూడా వాయిదానే.

అప్పుడే రొయ్యల గుంటల్లో డబ్బు చూసినవాళ్లు మారుతీ 800లు దించుతున్నారు. వాటి పక్కన మాది ముసలిది. 1994-95లో రొయ్యలకి తెల్లమచ్చల వ్యాధి వచ్చి గుంటలు దెబ్బతిన్నాక ఆ మారుతీల్లో కొన్ని అమ్మకానికొచ్చాయి. మాది షెడ్డులోనే ఉంది, దాని మీద బాకీ లేదు మరి.

అసలు టెన్షన్ ఎండాకాలం. రోహిణి కార్తెలో కోవూరు దాటేలోపు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. పెట్రోలు పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది. ఆ వేడికి లోపలే పెట్రోలు ఆవిరై కార్బురేటర్‌కి అందదు. నాయన బానెట్ ఎత్తి, సీటు కింది పాత పంచె ముక్క తడిపి పంపుకి చుట్టేవాడు. గుడ్డ మీంచి పొగ లేచేది. "ఏందబ్బా, జొరమొచ్చినోడికి మల్లే పట్టీ వేశారే!" అని లారీవాళ్ల నవ్వులు. పావుగంటకి మళ్లీ స్టార్ట్. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు మార్చడం నాకు పదో తరగతిలోనే వచ్చేసింది. కంప్యూటర్ పెట్టి చూడాల్సిందేమీ లేదు, స్పానర్ ఉంటే చాలు.

బ్రేకులు మాత్రం నేను మెచ్చను. నాలుగూ డ్రమ్ములే. వానలో నీళ్లు తగిలాక తొక్కితే ముందు మనమే ముందుకి వంగేవాళ్లం, బండి ఆ తర్వాత ఆలోచించేది.

పదిహేనేళ్లకి ఆర్సీ రెన్యువల్ చేయించాం, ఐదేళ్లకి మళ్లీ చేయించాం. మూడోసారికి తుప్పు పట్టినచోట వెల్డింగ్ ఖర్చు చూసి ఆగిపోయాం. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇప్పుడు ఎవరైనా ఈ బండి కొంటుంటే, ఇంజను శబ్దం తర్వాత వినండి, ముందు మ్యాట్ ఎత్తి చూడండి. మా దాంట్లో ఎత్తితే రోడ్డు కనిపించేది.