వారం రోజులు కరెంటు రాకపోతే: జనరేటరా, పెద్ద బ్యాటరీయా, సోలారా?

తుఫాను సీజన్ దగ్గర పడిందంటే చాలు, అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "జనరేటర్ కొనమంటారా, ఇన్వర్టర్‌కి ఇంకో బ్యాటరీ వేయించమంటారా, సోలార్ పెట్టించమంటారా, ఏది మేలు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కన్నా ఒకేసారి రాసేస్తే ఒక పని అయిపోతుందని ఇది రాస్తున్నా. మామూలు రెండు గంటల కోత గురించి కాదండీ ఇది, దానికి మీ ఇంట్లో ఉన్న ఇన్వర్టరే ఎక్కువ. నాలుగు రోజులు, వారం, పది రోజులు లైన్‌లో కరెంటే లేకపోతే ఏంటి సంగతి, అదీ ప్రశ్న.

ముందు ఒక మాట. "గ్రిడ్ కూలిపోతుందట, నెలల తరబడి చీకటేనట" అని వాట్సాప్‌లో తిరిగేవి చూసి కంగారుపడేవాళ్ళున్నారు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు పడిపోయినప్పుడు కూడా ఒక రోజు అటూ ఇటూగా కరెంటు తిరిగొచ్చేసింది. అప్పుడు మనకేం కాలేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి విడిగా ఉండేది, 2013 డిసెంబర్ 31న రాయచూర్-సోలాపూర్ లైన్‌తోనే దేశం మొత్తంతో కలిసింది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం ఆరిపోతే అక్కడా మర్నాడు పొద్దుటికి దాదాపుగా వచ్చేసింది. అంటే గ్రిడ్ పడిపోతే గంటల్లోనో రోజులోనో లేపుతారు. మనకి రోజుల తరబడి పోయేది స్తంభాలూ తీగలూ నేలకూలినప్పుడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డాక చూశాం, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చూశారు, అక్కడ కొబ్బరి చెట్లన్నీ తీగల మీదే పడ్డాయి. ప్రతి ఊరికీ కొత్త స్తంభాలు రావాలి, మనుషులు పాతాలి, తీగ లాగాలి. కాబట్టి మనం లెక్క వేసుకోవాల్సింది ఇలాంటి వారం పది రోజులకి.

ఇప్పుడు అసలు సంగతి. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: మొదటి రాత్రి గడిచాక బ్యాటరీనో పెట్రోలు ట్యాంకునో మళ్ళీ నింపేదెలా? మిగతావన్నీ, అంటే ధర, శబ్దం, వారంటీ, బ్రాండు, అన్నీ దాని తర్వాతే.

ఇన్వర్టర్ అంటే డాబా మీద వాటర్ ట్యాంకు లాంటిది, మోటార్ కాదు. ఈ తేడా షాపులో ఎవరూ చెప్పరు, "150 ఏహెచ్ వద్దు సార్ 200 తీసుకోండి, ఇంకో మూడు గంటలొస్తుంది" అంటారంతే (ఏహెచ్ అంటే బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే కొలత). లెక్క చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ (ఇళ్ళలో మామూలుగా ఉండే, నీళ్ళు పోసే రకం) అంటే కాగితం మీద 1.8 యూనిట్లు (యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు). పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, చేతికొచ్చేది సుమారు 1.2, 1.3 యూనిట్లు. పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు 150 వాట్లు, మూడు ఎల్ఈడీలు, వైఫై రూటర్ కలిపితే ఇంకో 40. ఆరు, ఏడు గంటల్లో అయిపోయింది. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే (తక్కువ కరెంటు తాగే కొత్త రకం) రెండూ కలిపి 60 వాట్లే, దాదాపు రెట్టింపు సమయం వస్తుంది, అంటే రెండో బ్యాటరీ కొనే డబ్బుతో ఫ్యాన్లు మారిస్తే అదే లాభం, పైగా నెల నెలా బిల్లూ తగ్గుతుంది. సరే, ఏ బ్యాటరీ వేసినా, ఎన్ని వేసినా, రెండో రోజు సాయంత్రానికి అది కేవలం బరువైన డబ్బా.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. ఇన్వర్టర్ మీద ఏమీ నడవకపోయినా అది ఆన్‌లో ఉంటేనే 10 నుంచి 20 వాట్లు తాగుతుంది. 15 అనుకున్నా రోజుకి 360 వాట్-అవర్లు, మీ బ్యాటరీలో పావు వంతు పైనే. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీనప్పుడు పగలు దాన్ని ముందు వైపున్న స్విచ్ దగ్గరే ఆపేయండి.

లిథియం మాటేంటి అంటారు. మంచిదే, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అయితే లోపలున్నదాన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు, నీళ్ళు పోయక్కర్లేదు, ఏళ్ళ తరబడి వస్తుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. కానీ దాని అసలు గొప్ప వేరే ఉంది: తొందరగా నిండుతుంది. ట్యూబులర్ పూర్తిగా నిండాలంటే పది పన్నెండు గంటలు, లిథియం తగిన ఛార్జర్ ఉంటే మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఎదురింటివాళ్ళ జనరేటర్ రోజుకి కాసేపే దొరికితే ఈ తేడా మామూలు తేడా కాదు. అయినా నింపేది ఏదో ఒకటి ఉండాలి కదా, మళ్ళీ మొదటికే వచ్చాం.

జనరేటర్. దీని మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే నీళ్ళ మోటారుని నిజంగా తిప్పగలిగేది ఇదే. 1 హెచ్‌పీ బోరు మోటార్ నడుస్తున్నప్పుడు వెయ్యి వాట్ల పైన లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకి నాలుగైదు రెట్లు, కాబట్టి ఇంట్లో 900 వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత, వెయ్యి వీఏ అంటే ఒక కేవీఏ) ఇన్వర్టర్‌తో అది జరిగే పని కాదు, చిన్న జనరేటర్లు కూడా కొన్ని మూలిగి ఆగిపోతాయి, 3 కేవీఏ దాకా వెళ్తే గానీ ధైర్యం లేదు. మరి పెట్రోలు? గంటకి దాదాపు లీటరు అనుకోండి, రోజుకి ఐదు గంటలు వేస్తే వారానికి 35 లీటర్లు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో బంకుల దగ్గర క్యూలు ఎలా ఉన్నాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రోడ్ల మీద చెట్లు పడుంటే ట్యాంకరు రాదు, వచ్చినా బంకులో పంపు తిరగడానికి కూడా కరెంటే కావాలి. ముందే డబ్బాల్లో నింపి ఇంట్లో పెట్టుకుంటాం అంటారా, పిల్లలున్న ఇంట్లో నేనైతే ఒప్పుకోను, పైగా నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు కార్బ్యురేటర్‌ని జిగురు చేసేస్తుంది.

రెండు ప్రమాదాలు గట్టిగా చెప్పాలి. జనరేటర్‌ని ఇంట్లో, బాల్కనీలో, కిటికీ కింద పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. రెండోది, రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించే తెలివితేటలు కొందరికి ఉన్నాయి. ఆ కరెంటు మీటరు దాటి బయటికెళ్ళి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులై, మీ కోసమే స్తంభమెక్కిన లైన్‌మెన్‌ని చంపుతుంది. చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైన్‌కి గానీ జనరేటర్‌కి గానీ, ఒక్కదానికే కలిపేది) పెట్టించండి, దానికయ్యే ఖర్చు జనరేటర్ ధర ముందు ఎంతని.

ఇక సోలార్. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడుతున్నారు. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ వచ్చింది, డాబా నిండా ప్యానెళ్ళున్నాయి, ఇక మాకేం భయం అంటారు. ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా లైన్‌కి కలిపే) సిస్టమ్ అయితే లైన్‌లో కరెంటు పోయిన మరుక్షణం అదీ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే ఒక్క ఫోను కూడా ఛార్జ్ కాదు. అది లోపం కాదు, లైన్‌మెన్ ప్రాణం కోసం కావాలనే అలా చేస్తారు. బిల్లు తగ్గించుకోడానికి అది బ్రహ్మాండం, తుఫానుకి మాత్రం అలంకారం. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైన్‌లో కరెంటు లేకపోయినా ప్యానెళ్ళతో ఇల్లు నడిపేది) పెట్టిస్తే వేరే కథ, డబ్బుంటే అదే అన్నిటికన్నా హాయి, నేను కాదనను.

నేను మాత్రం అంత దూరం పోలేదు. ఉన్న ఇన్వర్టర్, ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ అలాగే ఉంచి, 165 వాట్ల 12 వోల్టుల ప్యానెళ్ళు రెండు, 30 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే పెట్టె) ఒకటి కొని నేరుగా బ్యాటరీకి కలిపించాను. ఎండ బాగుంటే 17, 18 ఆంపియర్లు ఎక్కుతుంది, ఆ బ్యాటరీకి అంతే సరిపోతుంది కూడా. రోజుకి సుమారు ఒక యూనిట్. ఇల్లంతా నడవదు. రాత్రి ఎనిమిది గంటలు రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రెండు లైట్లు, ఫోన్లు, అంతే. కానీ మూడో రాత్రి కూడా అంతే, ఎనిమిదో రాత్రి కూడా అంతే.

ఇలాగే చేద్దామనుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి. చవగ్గా వస్తుందని 540 వాట్ల పెద్ద ప్యానెల్ తెచ్చి 12 వోల్టుల బ్యాటరీకి మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో (ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకే దించేసే చవక రకం) తగిలిస్తే 170 వాట్లు వస్తే గొప్ప. అది 40 వోల్టుల ప్యానెల్, దానికి ఎంపీపీటీ (ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రకం కంట్రోలర్) కావాలి, రెండు బ్యాటరీల 24 వోల్టుల సిస్టమ్ అయితే ఇంకా మంచిది.

గాలికి ప్యానెల్ ఎగిరిపోదా అని అడుగుతారు. ఎగిరిపోతుంది! అందుకే నాకు చిన్నవి నచ్చాయి. ఒక్కోటి పన్నెండు కిలోలు అటూ ఇటూ, హెచ్చరిక రాగానే ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్ల ప్లగ్గులు) పీకి, నట్లు విప్పి, కిందకి దించి మంచం కింద పెట్టేయొచ్చు. మబ్బు పట్టిన రోజుల్లో వచ్చేది బాగా తక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. తుఫాను దాటాక మబ్బు విడిచిందాకా ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలి.

పవర్ బ్యాంకులు, ఛార్జింగ్ లైట్లు ఎలాగూ ఉంటాయి, నింపి పెట్టుకోండి. కారు ఉంటే 12 వోల్టుల సాకెట్‌లో ఫోన్లు ఛార్జ్ చేసుకోవచ్చు. పోర్టబుల్ పవర్ స్టేషన్లు ఆ ధరకి నాకు దండగనిపిస్తాయి.

ఫ్రిజ్ గురించి పెద్దగా ఆలోచించొద్దు, మొదటి రోజే వండుకుని తినేయండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే మాత్రం డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, చాలా రకాలు తెరిచాక నాలుగు వారాల దాకా బయట ఉండగలవు కానీ వేడి 30 డిగ్రీలు దాటకూడదు, ఆ కొన్నాళ్ళకీ మట్టికుండలో తడి ఇసుక పద్ధతి పనికొస్తుంది.

నీళ్ళ దగ్గరే నా సోలార్ ఓడిపోతుంది, దాచేదేం లేదు. సొంతిల్లయితే తుఫాను ముందు రోజు ట్యాంకూ డ్రమ్ములూ నింపుకుని, వీధిలో నాలుగు ఇళ్ళు కలిసి ఒక 3 కేవీఏ జనరేటర్ కొనుక్కుంటే రోజుకి ఒక్కో ఇంటికి అరగంట మోటార్ చాలు, అప్పుడు పెట్రోలు కూడా వారానికి సరిపడా దొరకబుచ్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్ళు డాబా మీద ప్యానెల్ కోసం అసోసియేషన్‌తో గొడవ పడే ముందు, మీ డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) లిఫ్టుకీ కారిడార్ లైట్లకీ మాత్రమేనా, బోరు మోటార్‌కి కూడా కలిపి ఉందా, దాని ట్యాంకులో డీజిల్ ఎన్ని గంటలకి ఉంది అని వాచ్‌మెన్‌ని ఈరోజే అడగండి.