జైసల్మేర్‌లో మిగిలిన ఒక్క రోజు: సమ్, ఖూరీ, సుదాసరీ – ఏది మేలు?

జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగా కారులో జైసల్మేర్ చేరి, కోట, హవేలీలు చూశాక ఇంకా ఒక రోజు చేతిలో ఉందనుకోండి. ఎడారి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగితే హోటల్‌లోనైనా, టీ కొట్టులోనైనా వినిపించే పేరు సమ్. సుదాసరీ పేరు మనం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. నా ఓటు మాత్రం సుదాసరీకే.

సమ్‌ను తీసిపారేయలేం. ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పెద్ద పెద్ద ఇసుక తిన్నెలు, ఒంటె సవారీ, జీపుల్లో కుదుపుల షికారు. చిన్నపిల్లలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. మాంగణియార్ జానపద కళాకారులు కమాయచా (కమానుతో వాయించే తంత్రీ వాద్యం), ఖర్తాల్ (చెక్క తాళాలు)తో పాడేటప్పుడు ముందు వరుసలో కూర్చుని వినాలి. అయితే సెలవుల్లో చాలా గుడారాల దగ్గర ఆ పాట కాసేపే. తర్వాత స్పీకర్ల హోరులో సినిమా పాటలు మొదలవుతాయి.

ఖూరీ దూరం కూడా ఇంచుమించు అంతే. తిన్నెలు చిన్నవి, జనం తక్కువ. మట్టిగోడల ఇళ్లలో బస దొరుకుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది హాయి.

ఇక సుదాసరీ. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న డెజర్ట్ నేషనల్ పార్కులో ఇదొక భాగం. 1980లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ విస్తీర్ణంలో ఇసుక తిన్నెలు ఐదో వంతే. మిగతాదంతా గడ్డి, రాతినేల, ముళ్లపొదలు, అక్కడక్కడా ఖేజ్రీ చెట్లు. దసరాకు మనం పూజించే జమ్మి ఇదే. సుదాసరీలో కంచె వేసి పశువుల మేతను ఆపడంతో సేవణ్ గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరిగింది. చింకారా జింక నిలబడి మనవైపే చూస్తున్నా దాని తోక మాత్రం క్షణం ఆగదు. తోక చివర తెల్లని కుచ్చున్న ఎడారి నక్క పొద్దున్నే కలుగు దగ్గర ఎండ కాచుకుంటుంది.

ఇక్కడికి రావడానికి అసలు కారణం బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). మీటరు ఎత్తు, 15 కిలోల దాకా బరువు. గడ్డిలో తల పైకెత్తి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేలమీదే. దీని చూపు పక్కలకు బాగా ఆనుతుంది, ఎదురుగా అంతగా ఆనదు. కరెంటు తీగ దగ్గరకు వచ్చాక కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తప్పుకోలేదు. గాలిమరలు, సౌర విద్యుత్ కేంద్రాలతో ఈ ప్రాంతంలో తీగలు పెరిగిపోయాయి. వాటిని భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. దేశం మొత్తం మీద ఈ పక్షులు 150కి మించి లేవని అంచనా. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో దీనికోసమే అభయారణ్యం ఏర్పాటు చేసుకున్నాం. ఇప్పుడు అక్కడ ఈ పక్షి జాడే కరువైంది. మన నేల మీద చూడలేకపోతున్న పక్షిని ఉన్నచోటికే వెళ్లి చూడాలన్న తపన తెలుగువాళ్లకు ఉండాలని నా కోరిక. కనిపిస్తుందన్న హామీ లేదు. అయినా సరే, వెళ్లాలి.

సుదాసరీకి జైసల్మేర్‌లోని అటవీ శాఖ కార్యాలయంలో ముందురోజే అనుమతి గురించి కనుక్కోండి. పెట్రోలు, తాగునీరు, తిండి ఊళ్లోనే సర్దుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది.

పిల్లలు ఒంటె ఎక్కాలని పట్టుబడితే సమ్‌కే వెళ్లండి. అలాంటి పట్టింపు లేకపోతే చీకటితోనే బయలుదేరి తొలిఎండకు సుదాసరీలో ఉండండి, సాయంత్రానికి ఖూరీ చేరుకోండి. బైనాక్యులర్స్ తప్పక తీసుకెళ్లండి. ఫొటో కోసమని బండిని బాట దించి గడ్డిలోకి పోనివ్వవద్దు.