ఫిఫా లెక్కా, ఎలో లెక్కా? ఫుట్‌బాల్ జట్ల ర్యాంకుకు ఏది మేలు?

2024 సెప్టెంబర్ 3న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇండియా, మారిషస్ తలపడ్డాయి. ఇంటర్‌కాంటినెంటల్ కప్ మొదటి మ్యాచ్ అది. ఇండియా కోచ్‌గా మనోలో మార్కెజ్‌కి కూడా అదే మొదటిది. అప్పటికి ఫిఫా పట్టికలో ఇండియా 124, మారిషస్ 179. అంటే యాభై అయిదు మెట్ల తేడా. తొంభై నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. పేరుకి డ్రా, కానీ సొంత ఊళ్ళో, సొంత జనం ముందు అది ఓటమితో సమానం. ఆ రోజు మ్యాచ్ చూసిన ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు.

మనకి అంత బాధ కలిగించిన ఆ డ్రా ర్యాంకుల లెక్కకి ఏ మేరకు తెలిసింది? జట్ల బలాన్ని కొలిచే పద్ధతుల్లో ఏది మేలు అని అడిగినప్పుడు నేను ముందు చూసేది ఇదే. మైదానంలో జరిగింది అంకెల్లోకి వచ్చిందా, రాలేదా?

ప్రధానంగా మూడు పద్ధతులు ఉన్నాయి. ఒకటి 2006 నుంచి 2018 దాకా నడిచిన పాత ఫిఫా లెక్క. రెండోది 2018 ఆగస్టు నుంచి నడుస్తున్న కొత్త ఫిఫా లెక్క. మూడోది ఫిఫాతో సంబంధం లేకుండా 1997లో బాబ్ రన్యన్ మొదలుపెట్టిన ప్రపంచ ఫుట్‌బాల్ ఎలో రేటింగ్.

పాతదాన్ని ముందు చూద్దాం, ఎందుకంటే మిగతా రెండూ ఎందుకు అవసరమయ్యాయో అర్థమయ్యేది దానివల్లే. అందులో ఒక్కో మ్యాచ్‌కి వచ్చే పాయింట్లు నాలుగు అంకెల గుణకారం. గెలిస్తే 3, డ్రా అయితే 1. ఫ్రెండ్లీ మ్యాచ్ అయితే 1తో, క్వాలిఫయర్ అయితే 2.5తో, వరల్డ్ కప్ అయితే 4తో గుణించాలి. తర్వాత ప్రత్యర్థి బలం, అంటే 200లోంచి వాళ్ళ ర్యాంకు తీసేయగా మిగిలింది. చివర్లో ఖండాన్ని బట్టి ఇంకో గుణకం. ఇంతవరకు బాగానే ఉంది. అసలు తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. ఏడాదిలో ఆడిన మ్యాచ్‌లన్నిటికీ కలిపి సగటు తీస్తారు.

సగటు తీస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక జట్టు సగటు 600 అనుకుందాం. అది ఫ్రెండ్లీలో 20వ ర్యాంకు జట్టును ఓడించింది. చిన్న విజయమేమీ కాదు. లెక్క వేయండి: 3 × 1 × 180 = 540. ఖండం గుణకం పూర్తిగా 1 వేసుకున్నా 540 దాటదు. 600 సగటున్న జట్టుకి 540 వచ్చి కలిస్తే సగటు కిందికి దిగుతుంది. గట్టి జట్టు మీద గెలిచి మరీ పాయింట్లు పోగొట్టుకుందన్నమాట. అదే ఇంట్లో కూర్చుని ఉంటే ఏమీ పోయేది కాదు.

పోలండ్ ఈ లెక్కను సరిగ్గా చదివింది. 2018 వరల్డ్ కప్ గ్రూపులు తీసే ముందు ఏడాదిలో ఫ్రెండ్లీలు దాదాపు మానేసి క్వాలిఫయర్ల మీదే దృష్టి పెట్టింది. 2017 అక్టోబర్ ర్యాంకుల్లో ఆరో స్థానం వచ్చింది. ఆతిథ్య జట్టు రష్యాతో పాటు మొదటి ఏడు ర్యాంకుల జట్లూ మొదటి కుండలోకి, అంటే గ్రూపులు తీసేటప్పుడు పై ర్యాంకు జట్ల చీటీలు వేసే కుండలోకి, వెళ్ళాయి. స్పెయిన్ ఎనిమిదో ర్యాంకుతో రెండో కుండలో పడింది. రష్యాలో తీరా ఆట మొదలయ్యాక పోలండ్ సెనెగల్ చేతిలో 1-2తో, కొలంబియా చేతిలో 0-3తో ఓడి, జపాన్ మీద ఒక్కటి గెలిచి, గ్రూపులో అట్టడుగున మిగిలింది. పోలండ్‌ని నేను తప్పు పట్టను. నిబంధనలో లేనిదేదీ వాళ్ళు చేయలేదు. ఆడకపోవడమే లాభం అని చెప్పే లెక్కది తప్పు.

దీనికి రెండో వైపు బ్రెజిల్. 2014 వరల్డ్ కప్‌కి ఆతిథ్యం ఇస్తోంది కాబట్టి వాళ్ళకి క్వాలిఫయర్లు లేవు. ఆడేవన్నీ 1 గుణకం ఫ్రెండ్లీలే. 2013 జూన్‌లో బ్రెజిల్ ర్యాంకు 22కి పడిపోయింది. అదే నెలాఖరున కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్లో స్పెయిన్‌ని 3-0తో ఓడించింది కూడా. ఇరవై రెండో ర్యాంకు జట్టు ఆట కాదది.

2018లో ఫిఫా ఆ పద్ధతిని పక్కన పెట్టి ఎలో సూత్రానికి మారింది. చదరంగం చూసే తెలుగువాళ్ళకి ఎలో కొత్త కాదు. 2007లో కోనేరు హంపి దాటిన 2600, 2024 డిసెంబర్ జాబితాలో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి అందుకున్న 2801, రెండూ ఎలో అంకెలే. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన అర్పాద్ ఎలో కట్టిన లెక్క అది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. సూత్రం చాలా తేలిక. మ్యాచ్‌కి ముందు ఇద్దరి పాయింట్ల తేడాను బట్టి ఎవరు ఎంత సాధించాలో అంచనా వేస్తారు. గెలుపు 1, డ్రా 0.5, ఓటమి 0. వచ్చిన ఫలితం అంచనాకి మించితే పాయింట్లు పెరుగుతాయి, తగ్గితే తరుగుతాయి. ఆడకుండా కూర్చుంటే పెరగవు, తరగవు. గెలిస్తే మాత్రం ఎప్పుడూ తరగవు. పోలండ్ ఎత్తుగడకి ఇక్కడ చోటు లేదు.

2022లో సౌదీ అరేబియా అర్జెంటీనాని 2-1తో ఓడించిన మ్యాచ్ గుర్తుందా? ఫిఫా పాయింట్లలో ఆ రోజు ఇద్దరికీ తేడా సుమారు 336. దాన్ని బట్టి అర్జెంటీనా నుంచి లెక్క ఆశించింది 0.78. వచ్చింది సున్నా. ఈ తేడాని మ్యాచ్ స్థాయిని బట్టి ఒక గుణకంతో గుణిస్తారు. వరల్డ్ కప్ గ్రూపు మ్యాచ్ గుణకం 50 కాబట్టి ఒక్క సాయంత్రంలో 39 పాయింట్లు పోయాయి. అదే మ్యాచ్ ఫ్రెండ్లీ అయ్యుంటే 8 మాత్రమే పోయేవి. ఎంత పెద్ద వేదిక మీద దెబ్బ తింటే అంత గాయం. ఇది నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది.

మరి కొత్త ఫిఫా లెక్కకీ, రన్యన్ ఎలోకీ తేడా ఏముంది? సూత్రం ఒకటే అయినా తేడా ఉంది, చిన్నది కాదు. ఎలో రేటింగ్‌లో సొంత గడ్డ మీద ఆడే జట్టుకి అంచనా వేసేటప్పుడు 100 పాయింట్లు కలుపుతారు. గోల్స్ తేడాని కూడా లెక్కలోకి తీసుకుంటారు. రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఒకటిన్నర రెట్లు, మూడు అయితే 1.75 రెట్లు, ఆపైన ఒక్కో గోల్‌కి ఇంకాస్త. ఫిఫా పురుషుల లెక్కలో ఈ రెండూ లేవు. 2014లో జర్మనీ బ్రెజిల్‌ని బెలో హొరిజాంతెలో 7-1తో చిత్తు చేసిన మ్యాచ్ ఇవాళ్టి ఫిఫా సూత్రంలో వేస్తే 1-0 గెలుపుతో సమానం. ఎలోలో దాని విలువ 2.125 రెట్లు.

ఇప్పుడు గచ్చిబౌలికి తిరిగొద్దాం. ఇండియాకి, మారిషస్‌కి ఫిఫా పాయింట్లలో తేడా 200 అనుకుందాం. ఫిఫా సూత్రం ప్రకారం ఇండియా నుంచి ఆశించేది 0.68. డ్రా అయింది కాబట్టి వచ్చింది 0.5. ఫ్రెండ్లీ గుణకం 10తో గుణిస్తే పోయేది 1.8 పాయింట్లు. ఎలో కొలబద్ద వేరు, అంచనా వేసేటప్పుడు పాయింట్ల తేడాని ఫిఫా 600తో భాగిస్తే ఎలో 400తో భాగిస్తుంది. కాబట్టి అదే 200 తేడా ఎలోలో 133 అవుతుంది. దానికి సొంత గడ్డ 100 కలిపితే ఆశించేది 0.79కి పెరుగుతుంది. ఫ్రెండ్లీ గుణకం 20 వేసుకున్నా దాదాపు 6 పాయింట్లు పోతాయి. ఫిఫా కోసిన 1.8ని ఎలో కొలబద్దకి మార్చి చూస్తే 1.2 మాత్రమే. మన ఊళ్ళో, మన జనం ముందు అన్న మాట ఫిఫా లెక్కలో ఎక్కడా లేదు. అదే డ్రా మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో జరిగినా అది 1.8 కోసేది. అక్కడి డ్రా, ఇక్కడి డ్రా ఒకటేనని ఫుట్‌బాల్ చూసేవాళ్ళెవరూ ఒప్పుకోరు.

ఫిఫాకి ఇవి తెలియకనా అంటే, కానే కాదు. 2003లో వాళ్ళే మొదలుపెట్టిన మహిళల ర్యాంకింగ్ మొదటి రోజు నుంచీ ఎలో సూత్రం మీదే ఉంది. అందులో సొంత గడ్డకి 100 పాయింట్లున్నాయి, గోల్స్ తేడాకి విలువుంది, తక్కువ తేడాతో ఓడిన జట్టుకి కూడా కాస్త భాగం దక్కుతుంది. మంచి లెక్క చేతిలో పెట్టుకుని, పురుషుల జట్లను మాత్రం 2006 నుంచి పన్నెండేళ్ళు ఆ సగటుతో కొలిచారు. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

గోల్స్ తేడాను లెక్కేస్తే పెద్ద జట్లు పసికూనల మీద గోల్స్ వర్షం కురిపించి పాయింట్లు దోచుకుంటాయని ఒక వాదన ఉంది. నేను కూడా చాలా కాలం అదే అనుకున్నాను. ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. 2001 ఏప్రిల్ 11న కాఫ్స్ హార్బర్‌లో ఆస్ట్రేలియా అమెరికన్ సమోవాని 31-0తో ఓడించింది. వరల్డ్ కప్ క్వాలిఫయర్ అది. ఇద్దరికీ ఎలో తేడా వెయ్యి అనుకుందాం, సొంత గడ్డ వంద కలిపితే 1100. అప్పుడు ఆస్ట్రేలియా నుంచి ఆశించేదే 0.998. 31 గోల్స్‌కి గుణకం 5.25, క్వాలిఫయర్‌కి 40. అన్నీ గుణించినా వచ్చేది 0.4 పాయింట్ కూడా కాదు. పసికూనని ఎంత బాదినా ఎలోలో సంపాదన ఉండదు. సమ ఉజ్జీని బాదితేనే విలువ. కాబట్టి ఆ వాదన నిలబడదు.

ఇంకో విషయంలో కూడా రెండు లెక్కలూ వేర్వేరు దారుల్లో పోతాయి, అక్కడ నేను గట్టిగా ఎలో పక్షం. పెనాల్టీ షూటౌట్‌లో తేలిన మ్యాచ్‌ని ఎలో డ్రాగానే చూస్తుంది. ఫిఫా గెలిచినవాళ్ళకి 0.75, ఓడినవాళ్ళకి 0.5 ఇస్తుంది. రెండూ కలిపితే 1.25, అంటే ఎక్కడినుంచో పావు వంతు వచ్చి చేరింది. దానికి తోడు పెద్ద టోర్నీల నాకౌట్‌లో ఓడినా పాయింట్లు తగ్గవని ఇంకో రూలు. ఒకరు పెరిగి ఇంకొకరు తగ్గకపోతే పట్టిక మొత్తం ఉబ్బుతుంది. 2022 వరల్డ్ కప్ గెలిచాక కూడా డిసెంబర్ పట్టికలో అర్జెంటీనా రెండో స్థానంలోనే ఉంది, బ్రెజిల్ మొదటి స్థానంలో. నెదర్లాండ్స్, ఫ్రాన్స్ మీద అర్జెంటీనా గెలిచింది షూటౌట్లలో కావడం, సౌదీ చేతిలో 39 పోవడం ఒక కారణం. క్రొయేషియా చేతిలో షూటౌట్‌లో ఇంటిదారి పట్టినా బ్రెజిల్‌కి ఏమీ పోకపోవడం ఇంకో కారణం. కప్పు గెలిచినవాళ్ళే మొదటి ర్యాంకులో ఉండాలని రూలేమీ లేదు. ఏడు మ్యాచ్‌లు నాలుగేళ్ళ ఆటని తుడిచేయకూడదు. నా అభ్యంతరమల్లా నాకౌట్‌లో ఓడినవాళ్ళకి పట్టిన ఆ గొడుగు గురించే.

ఎలోకి కూడా లోపాలున్నాయి. అన్నిటికంటే పెద్దది ఖండాల మధ్య మ్యాచ్‌లు తక్కువ కావడం. పాయింట్లు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి చేతులు మారాలంటే ఆ జట్లు కలిసి ఆడాలి. యూరప్‌లో 2018 నుంచి నేషన్స్ లీగ్ వచ్చాక అక్కడి జట్లకి బయటివాళ్ళతో ఆడే తేదీలే తగ్గిపోయాయి. న్యూజిలాండ్ ఎక్కువగా పసిఫిక్ దీవుల జట్ల మీదే గెలుస్తూ ఉంటే దాని అసలు బలం ఎంతో ఏ ఎలోకీ త్వరగా అంతు చిక్కదు. ఈ జబ్బు ఫిఫాకీ ఉంది. పైగా 2018లో కొత్త లెక్క మొదలుపెట్టినప్పుడు పాత పట్టికలో మొదటి జట్టుకి 1600 ఇచ్చి, ఒక్కో ర్యాంకుకి 4 చొప్పున తగ్గించుకుంటూ పోయారు. పాత పట్టిక తప్పులన్నీ అలాగే కొత్త ఇంట్లోకి వచ్చాయి.

దాడి బలం, రక్షణ బలం విడిగా కొలిచి గోల్స్ సంఖ్యనే అంచనా వేసే పద్ధతులు ఇంకో కోవ. ఒక జట్టు సగటున రెండు గోల్స్ కొడుతుందని తేలితే, ఆ రోజు ఒక్కటీ కొట్టకపోయే అవకాశం 13.5 శాతం అని అవి చెప్పగలవు. రేపటి మ్యాచ్ స్కోరు ఊహించడానికి ఇవి బాగుంటాయి. రెండు వందల పైచిలుకు జట్లకి, అందులో ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లు ఆడేవాటికి కూడా నమ్మకంగా ర్యాంకు ఇవ్వాలంటే సమాచారం సరిపోదు. సామాన్యుడు కాగితం మీద సరిచూసుకోలేడు కూడా. ర్యాంకుని బట్టి గ్రూపులు తీసేటప్పుడు ఎవరైనా లెక్క సరిచూసుకోగలగడం చాలా ముఖ్యం. 2026 వరల్డ్ కప్‌కి మొదటి నాలుగు ర్యాంకుల్లో ఉన్న స్పెయిన్, అర్జెంటీనా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ ముందుగానే ఎదురుపడకుండా వేర్వేరు దారుల్లో పెట్టారు. ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే దారే మారిపోతుంది.

కాబట్టి ఇవాళ ఎవరు ఎంత బలంగా ఉన్నారో తెలుసుకోవాలంటే నేను ఎలో రేటింగే చూస్తాను. సీడింగ్‌కి, అంటే ర్యాంకుని బట్టి గ్రూపులు తీయడానికి, ఇప్పటి ఫిఫా లెక్క పనికొస్తుంది. సొంత గడ్డ 100 పాయింట్లు కలిపి, నాకౌట్ గొడుగు తీసేస్తే ఇంకా బాగా పనికొస్తుంది. పాత సగటు లెక్క మళ్ళీ ఎప్పుడూ రాకూడదు.

మనకి సంబంధించి ఎలో పట్టికలో ఇంకొకటుంది. ఫిఫా ర్యాంకులు మొదలైంది 1992 డిసెంబర్‌లో. ఆ పట్టికలో ఇండియాకి దక్కిన మంచి ర్యాంకు 1996 ఫిబ్రవరిలో వచ్చిన 94. అంతకు ముందు మన ఫుట్‌బాల్ లేదా? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఇండియాకి కోచ్‌గా ఉండగా 1951లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం వచ్చింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి రెండో స్వర్ణం గెలిచాం. ఫిఫా పట్టికలో ఆ జట్టుకి ర్యాంకే లేదు, అప్పటికి పట్టికే లేదు కాబట్టి. ఎలో లెక్క 1872లో గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆడిన 0-0 డ్రా నుంచి మొదలవుతుంది. అందులో రహీం సాబ్ జట్టుకి పాయింట్లున్నాయి, ప్రత్యర్థులున్నారు, ఎక్కిన మెట్లున్నాయి.