బాడీ ఫ్యాట్ మిషన్, దర్జీ టేపు: ఏడాది పైగా వాడాక

డైట్, వ్యాయామం మొదలుపెట్టగానే అందరిలాగే నేనూ బరువు మిషన్ కొన్నాను. కాకపోతే ఫోన్‌తో కలిసే రకం. పైన నాలుగు లోహపు పలకలుంటాయి. వట్టి కాళ్లతో నిలబడితే బరువుతో పాటు కొవ్వు శాతం, కండ శాతం, ఒంట్లో నీరు, చివరికి 'శరీర వయసు' కూడా యాప్‌లో చూపిస్తుంది. అదే వారంలో చిక్‌పేటలో కుట్టు సామాన్లమ్మే కొట్లో ఒక దర్జీ టేపు కూడా తీసుకున్నాను. బెంగళూరులో ఏడాది పైగా రెండూ వాడాను. మీకు ఒక్కటే కొనే ఉద్దేశముంటే టేపు కొనండి.

నేను లావుగా లేను. ఆఫీసులో చేసిన హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. అనంతపురంలో మా అమ్మ నమ్మలేదు. "ఏం పాపా, ఎముకలు కనపడాలనా నీకు?" అంది. కానీ మనవాళ్లలో ఒళ్లు సన్నగా ఉన్నా పొట్టలోపల కొవ్వు పేరుకుంటుంది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్నిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చూపే లెక్క) 22.3. యుడ్కిన్‌గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్‌గారి ఒంట్లో 21.2 శాతం. మనకు బీఎంఐ 23 నుంచే అధిక బరువు కింద లెక్కేసేది ఇందుకే. నాకు ఈ సంగతి తెలిశాక ఉత్త కిలోల మీద నమ్మకం పోయింది.

కొవ్వు శాతం చూపే మిషనుంటే చాలు కదా అనిపిస్తుంది. అది కొవ్వును కొలవదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చాలా సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీళ్లున్న కండ కరెంటును సులువుగా పోనిస్తుంది, కొవ్వు అంతగా పోనివ్వదు. ఆ అడ్డుకు మన ఎత్తు, వయసు, ఆడా మగా అన్నది కలిపి కంపెనీవాళ్ల సూత్రంతో అంచనా కడుతుంది. పైగా ఆ కరెంటు ఎక్కువగా కాళ్లలోనే తిరుగుతుంది. పొట్ట సంగతి తెలుసుకోవాలని నిలబడితే మిషను కాళ్లనడిగి చెప్తుందన్నమాట. పొద్దున లేవగానే ఒక శాతం, నడకకెళ్లి చెమట పట్టి వచ్చాక ఇంకో శాతం. యాప్‌లో 'అథ్లెట్' అన్న బటన్ నొక్కి మళ్లీ నిలబడితే కొవ్వు ఒక్కసారిగా కొన్ని శాతాలు తగ్గింది! 'శరీర వయసు' అయితే చూడటమే దండగ.

బరువు వరకు మిషను నిజాయితీగానే చెప్తుంది, గట్టి గచ్చు మీద పెడితే. ఆ బరువులో ఏం కలిసిందో మనం తెలుసుకోవాలి. మారతహళ్లిలో ఆంధ్రా మెస్ భోజనం, ఆవకాయతో సహా, తిన్న మర్నాడు నా బరువు కిలో పెరిగేది. కిలో కొవ్వు పట్టాలంటే ఒంటికి ఖర్చయ్యే దానికి మించి దాదాపు 7,700 క్యాలరీలు తినాలి. ఒక పూటలో అది కుదిరే పని కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నంలోని పిండి గ్లైకోజెన్‌గా (ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ) మారినప్పుడు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు తోడుగా నిలుస్తుంది. డైట్ మొదటి వారంలో గబగబా తగ్గేదీ ఎక్కువగా ఈ నీరే, ఆ సంబరంలో కడుపు మాడ్చుకోకండి. నెలసరి ముందు, కొత్తగా బరువులెత్తి కండలు నొప్పిపెట్టిన రోజుల్లో అంకె పెరిగితే దిగులు పడొద్దు. నేను రోజూ చూసుకున్నా వారం సగటునే పుస్తకంలో రాసుకుంటాను.

ఇక టేపు. చివరి పక్కటెముక ఒక చోట, తుంటి ఎముక పైఅంచు ఒక చోట వేలితో తడిమి చూసుకుని, రెండింటికీ మధ్యలో చుట్టాలి. లంగా బొందు కట్టే చోటు కాదది, అక్కడ కొలిస్తే అంకె వేరే వస్తుంది. ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా, టేపు చర్మాన్ని నొక్కకుండా చూడాలి. రెండుసార్లు కొలవాలి. నేను ఆదివారం పొద్దున ఏమీ తినకముందు కొలుస్తాను. మనవాళ్లలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. ఎత్తులో సగం కన్నా తక్కువుండాలన్నది ఇంకో లెక్క. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. అప్పుడప్పుడు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి.

టేపు విలువ నాకు తెలిసింది అపార్ట్‌మెంట్ జిమ్‌లో డంబెల్స్ మొదలుపెట్టాక. రాత్రి అన్నం తగ్గించి రాగి సంగటి, పప్పు, గుడ్లు పెంచాను. దాదాపు రెండు నెలలు బరువు అస్సలు కదల్లేదు. పుస్తకంలో పక్క వరసలో నడుము 86 నుంచి 83కి వచ్చింది! ఆ వరస లేకపోతే విసుగొచ్చి అన్నీ మానేసేదాన్ని, నిజంగా. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కేటప్పుడు మధ్యలో ఆగకుండా పైకి చేరిందీ ఆ నెలల్లోనే. (దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, ఎక్కినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.) ఎంత బరువెత్తానో కూడా అప్పటినుంచి రాస్తున్నాను, కండ సంగతి యాప్ కన్నా అదే బాగా చెప్తుంది. నెలకో ఫొటో కూడా తీసుకున్నాను, ఒకే గోడ, ఒకే వెలుతురు ఉంటే పర్వాలేదు.

ఇప్పుడు నడుము 79, బరువు మొత్తం మీద నాలుగు కిలోలే తగ్గింది. హెచ్‌బీఏ1సీ 5.6. అమ్మకు కిలోలు చెప్పడం మానేసి పాత జాకెట్లు వేసుకుని ఎంత వదులయ్యాయో చూపించాను, అప్పుడు ఒప్పుకుంది.

కరెంటు పంపే మిషను పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కకూడదు, గర్భిణులు కూడా వద్దంటారు. మా మామయ్యగారికి పేస్‌మేకర్ ఉంది, అందుకని ఆయన కోసం మామూలు డిజిటల్ మిషన్ ఇంకోటి కొన్నాం. నడుము కొలత మాత్రం ఇంట్లో అందరం ఆ టేపుతోనే.