నెల్లూరులో గది: రైలు పట్టాలకు ఏ వైపో ముందు చూసుకోండి

పోయిన నవంబర్‌లో అమ్మ మోకాళ్ల వైద్యానికని పన్నెండు రోజులు నెల్లూరులో ఉన్నాం. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. రోజూ ఫిజియోథెరపీ కాబట్టి పోయి రావడం కుదరదు, చుట్టాలింట్లో అన్ని రోజులంటే అమ్మ ససేమిరా అంది. గదికి ఎంతయింది, ఎక్కడ ఉన్నారు అని ఇప్పటికే నలుగురు అడిగారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

బయల్దేరేటప్పుడే గొడవ. పినాకిని రైల్లో పోదాం అని నేను, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయితే రైలుకు డబ్బులు తగలేయడం దేనికే అని అమ్మ. 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు వరకూ ఉచితమే, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం టికెట్ కొనాలి. ఆధార్ చూపించి తీసుకున్న సున్నా టికెట్‌ను మడిచి పర్సులో దాచుకుంది. కావలి దాకా బానే ఉంది, ఆ తర్వాత కాలు చాపుకోను చోటు లేక ఆవిడే నస మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రైలే మేలు. తిరిగి వచ్చేటప్పుడు నోరు మూసుకుని రైలెక్కింది.

గది విషయంలో తప్పు నాది. ఫోన్‌లో ఫొటోలు చూసి మాగుంట లేఅవుట్ వైపు ఒక లాడ్జి బుక్ చేశా. తెల్ల దుప్పట్లు, ఏసీ, లిఫ్ట్, వెస్టర్న్ బాత్రూమ్, రోజుకు 1,100. ఆసుపత్రి పొగతోటలో, మ్యాప్‌లో చూస్తే పక్కపక్కనే. మధ్యలో రైలు పట్టాలున్నాయని ఆ మ్యాపే చూపిస్తోంది, నేనే పట్టించుకోలేదు. నెల్లూరును రైలు కట్ట నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. ట్రంకు రోడ్డు, పొగతోట ఒక పక్క, మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ ఇంకో పక్క. అటూ ఇటూ మారాలంటే ఎక్కువగా అండర్ బ్రిడ్జిలే దిక్కు, పైగా నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెండో రాత్రి గట్టిగా కురిసింది. పొద్దున చూస్తే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి, ఒక స్కూటర్ సీటు దాకా మునిగి అలాగే ఉంది. "యాడికి మా, పొగతోటకా? ఫ్లైఓవర్ మీదుగా చుట్టూ తిరిగి పోవాల, నూట యాభై అవతాది" అన్నాడు ఆటో అబ్బాయి. ముందు రోజు అరవైకే వెళ్లాం. చవక గది అనుకున్నది ఆటో ఖర్చుతో కలిపితే చవక కాకుండా పోయింది.

ఖాళీ చేసేటప్పుడు ఇంకో తంటా. జీఎస్టీ 12 శాతం కలిపి లెక్క చెప్పాడు కౌంటర్ అబ్బాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ రేటు గదులకు 5 శాతమే కదా అన్నాను. అతను తల కూడా ఎత్తకుండా, "బిల్లు వద్దంటే అదీ లేదు మేడమ్" అన్నాడు. బిల్లు కావాలన్నా. పది నిమిషాలు కంప్యూటర్‌తో కుస్తీ పట్టి 5 శాతానికే ఇచ్చాడు.

తర్వాత బస్టాండ్ దగ్గర లాడ్జిలు చూశాం. 700కే దొరుకుతాయి, ఒక రాత్రి పడుకుని పోయేవాళ్లకు ఏం ఫర్వాలేదు. అయితే చెక్ అవుట్ ఎలాగో ముందే అడగండి. 24 గంటలంటే మీరు దిగిన టైమ్ నుంచి లెక్క, మధ్యాహ్నం 12 అంటే పొద్దున ఏడింటికి దిగినవాళ్లు ఐదు గంటలకే ఒక రోజు అద్దె కట్టినట్టు. మాకు మాత్రం అక్కడ కుదర్లేదు, లిఫ్ట్ లేదు, అన్నీ ఇండియన్ బాత్రూములే. ఒక లేడీస్ హాస్టల్లో రోజు లెక్కన ఇస్తామన్నారు కానీ మంచం మూడో అంతస్తులో.

చివరికి ఆసుపత్రి పక్క మందుల షాపులో అడిగితే దొరికింది. పొగతోటలోనే సందు లోపల, కింది పోర్షన్, రోజుకు 450, వెయ్యి అడ్వాన్స్. ముందు ఆ ఇంటి పిన్ని మమ్మల్ని చిన్నపాటి ఇంటర్వ్యూ చేసింది: ఏ ఊరు, ఇంటిపేరేంది, మీ నాయన ఏం చేస్తాడు, ఇంకా పెళ్లెందుకు కాలేదు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో మనకు తెలియనిది కాదు. అమ్మ మొహం చూసి నేను నోరు నొక్కుకున్నా. గది చిన్నదే, గోడకు పాత క్యాలెండర్లు, వంటకు సింగిల్ స్టవ్, బాత్రూమ్‌లో కమోడ్. కుళాయి పొద్దున గంటసేపే, నీళ్లు డ్రమ్ములో పట్టుకోవాలి. దోమల గురించి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్లు దోమతెర తెచ్చుకోండి, కాయిల్ చాలదు. కానీ ఆసుపత్రికి నడిచి నాలుగు నిమిషాలు, అమ్మ నడకతో అయితే పన్నెండు.

తిండికి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం చాలాసార్లు అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనమే, మేం వెళ్లిన ఆదివారం మాత్రం తాళం కనిపించింది. పొద్దున కారం దోసె, నెయ్యి ఎక్కువేయించుకుంటే అదొక్కటే చాలు. చేపల పులుసు హోటల్లో ఒకసారి తిన్నాం. మామిడికాయ ముక్కలు పడ్డాయి కానీ అప్పుడే దించిన పులుసు, ఒక రాత్రి నిలవుంటేనే అసలు రుచి అని అమ్మ తేల్చేసింది. ఆ మాట విన్న పిన్ని మర్నాడు పొద్దున్నే గిన్నెడు నిలవ పులుసు తెచ్చిచ్చింది. ఆ పులుసు ముందు ఇంటిపేరు సంగతి అమ్మ మర్చిపోయింది, నేను పూర్తిగా మర్చిపోలేదు.

తిరిగి వచ్చేరోజు పిన్ని అడ్వాన్స్‌లో యాభై పట్టుకుంది, బకెట్ పిడి విరగ్గొట్టామని. అది మేం దిగేనాటికే విరిగి ఉంది. ఫొటో తీసుకుని ఉంటే చూపించేదాన్ని.