వేప్: నిషేధమా, మందుల షాపా, పన్ను పోటా? ఏది మేలు?

బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉండే మా బావ రెండేళ్ల కిందట ఫోన్లో మా అమ్మతో "సిగరెట్లు మానేశానత్తయ్యా, ఇప్పుడు వేప్ వాడుతున్నా" అన్నాడు. అమ్మ తెగ సంబరపడింది. "మంచి పని చేశావు నాయనా, వేపపుల్లను మించింది లేదు, పళ్లు గట్టిపడతాయి" అంది. ఆ వేప వేరు, ఈ వేప్ వేరు, ఇది ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్ అని చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మొన్న మళ్లీ మాట్లాడితే బావ గొంతులో అప్పటి హుషారు లేదు. "దీనికీ పన్ను పోటు వచ్చిందిరా" అన్నాడు. పక్కనుంచి అమ్మ, "నే చెప్పానా, వేపపుల్లే నయమని!"

బావ గొడవ వేప్ ద్రవం మీద బ్రిటన్ ప్రకటించిన కొత్త సుంకం గురించి. 2026 అక్టోబరు 1 నుంచి 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్లు. దాని మీద మళ్లీ 20 శాతం వ్యాట్, వెరసి 2.64. అక్కడ వేప్ వాడేవాళ్లూ అమ్మేవాళ్లూ దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. ఇక్కడ మనకు పన్ను గొడవే లేదు, ఎందుకంటే వస్తువే నిషిద్ధం. మెల్‌బోర్న్‌లో ఉన్న నా స్నేహితుడికైతే మందుల షాపుకెళ్లి అడగాలి. ముగ్గురం ఒకే వస్తువు గురించి మూడు రకాలుగా విసుక్కుంటున్నాం. ఏ ప్రభుత్వం పద్ధతి మేలో చూడాలంటే చట్టం చదివితే చాలదు. సిగరెట్ మానాలనుకునే మనిషి కొట్టు ముందు నిలబడినప్పుడు అతని చేతికి ఏది తేలిగ్గా అందుతోందో చూడాలి.

మన దగ్గర నుంచే మొదలుపెడదాం. 2019 సెప్టెంబరు 18న నిర్మలా సీతారామన్ ఈ-సిగరెట్ల నిషేధం ప్రకటించారు. ముందు ఆర్డినెన్స్, డిసెంబరుకల్లా చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే: మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, మళ్లీ దొరికితే మూడేళ్లు, 5 లక్షలు. చదివితే గట్టి చట్టమే.

హైదరాబాద్‌లో మా ఆఫీసు దగ్గర పాన్ డబ్బా ముందు చూస్తే వేరే కథ. పైన వరసగా సిగరెట్ పెట్టెలు, పెట్టె మీద 85 శాతం పుండ్ల బొమ్మ, హెచ్చరికే. అయినా కుర్రాళ్లకు ఆ బొమ్మ కనపడదు, ఎందుకంటే వాళ్లు కొనేది విడిగా ఒక్కటి. ఓ రోజు మా కొలీగ్ మెల్లగా "వేప్ ఉందా?" అని అడిగాడు. షాపతను అటూ ఇటూ చూసి, కింద బిస్కెట్ల అట్టపెట్టెలోంచి రంగురంగుల గొట్టాలు రెండు తీశాడు. మీద చైనా అక్షరాలు.

"నికోటిన్ ఎంతుందన్నా ఇందులో?"

"మామిడి ఉంది, పుచ్చకాయ ఉంది."

"అది కాదు, నికోటిన్?"

"రెండు వేలు. బేరం లేదు."

నిషేధం ఫలితం మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. వస్తువు పోలేదు, దాని మీద ఉండాల్సిన లేబుల్ పోయింది. నిషేధం వచ్చిన రోజులు గుర్తున్నాయా? అమెరికాలో వేప్ తాగి ఊపిరితిత్తులు పాడై జనం చనిపోతున్నారని రోజూ వార్తలు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. పరీక్షిస్తే ప్రధానంగా తేలింది గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే పదార్థం. అలాంటి సరుకులో ఎక్కువ భాగం చాటుమాటుగా కొన్నదే. చాటు సరుకు చూసి భయపడి చట్టం చేశాం, చేశాక మిగిలింది చాటు సరుకే.

అలాగని నిషేధం అడిగేవాళ్లను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించినప్పుడు వాళ్లకు ఆర్థికశాస్త్రం ఎవరూ చెప్పలేదు, ఇంట్లో జరుగుతున్నది చాలింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ రెండేళ్లలో సరిహద్దు దాటి సరుకెలా వచ్చేదో మా నాన్న తరం ఇప్పటికీ కథలుగా చెబుతుంది. నిషేధం కోరడం వెనక బాధ నిజం, నిషేధం నిలవకపోవడమూ నిజమే.

వేప్ నిషేధాన్ని వ్యతిరేకించేవాళ్లు ఇక్కడ చేసే పెద్ద వాదన ఒకటుంది: దీన్ని అనుమతిస్తే పొగాకు వాడే కోట్ల మంది దీనికి మారతారని. ఇది నాకు సగమే నచ్చుతుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడతారు. అందులో నమిలేవాళ్లే ఎక్కువ, 21.4 శాతం. బీడీ 7.7 శాతం, సిగరెట్ 4 శాతం. ఖైనీ నలిపే ఆటో డ్రైవరు, కట్ట బీడీలతో పొద్దు గడిపే కూలీ రెండు వేలు పెట్టి గొట్టం కొని చార్జింగ్ పెట్టుకుంటాడా? బ్రిటన్ వాదన తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు. వేప్ వల్ల లాభపడగలిగేది మా ఆఫీసులాంటి చోట్ల సిగరెట్ తాగే కొద్దిమందే.

కానీ రెండో వాదన, అదే సిగరెట్‌నీ బీడీనీ వదిలి వేప్‌నొక్కదాన్నే నిషేధించడం ద్వంద్వనీతి అనే వాదన, నూటికి నూరుపాళ్లు నిలుస్తుంది. సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఎల్ఐసీ లాంటి ప్రభుత్వ సంస్థల వాటాలన్నీ కలిపితే నాలుగో వంతు పైమాటే. నిషేధం ప్రకటించిన రోజు సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి, తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. దీని వెనకా ఓ బతుకు కథ ఉంది. నిజామాబాద్, జగిత్యాల వైపు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు తెలంగాణలో పింఛనే ఉంది. వాళ్ల పొట్ట కొట్టమని నేనడగను. అయితే బీడీకి జాలి, వేప్‌కి జైలు అన్నప్పుడు అది ఆరోగ్య విధానం అని మాత్రం చెప్పకూడదు.

ఆస్ట్రేలియా దారి కాగితం మీద అన్నిటికంటే తెలివైనది. వేప్‌ని మిఠాయిలా కాకుండా మందులా చూస్తారు. 2021 అక్టోబరు నుంచి నికోటిన్ వేప్‌కి డాక్టర్ చీటీ కావాలన్నారు. 2024 జులై 1 నుంచి ఏ వేప్ అయినా ఫార్మసీలోనే అమ్మాలన్నారు. అదే ఏడాది అక్టోబరు నుంచి 18 దాటినవాళ్లు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ బలం వరకు చీటీ లేకుండా ఫార్మసిస్టును అడిగి కొనుక్కోవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో నియమాలు వేరే. రుచులు పుదీనా, మెంథాల్, పొగాకు మాత్రమే. మామిడీ లేదు, పుచ్చకాయా లేదు.

చిక్కెక్కడంటే ఫార్మసీల సంఘానికే ఈ పని ఇష్టం లేదు, చాలా షాపులు అసలు తెప్పించవు. మా స్నేహితుడు మూడు ఫార్మసీలు తిరిగాడు, మూడింట్లోనూ లేదన్నారు. ఈలోగా అక్కడ సిగరెట్ మీద సుంకం ఒక్కోదానికి దాదాపు డాలరున్నర దాకా పెరిగింది, మామూలు పెట్టె 40 డాలర్లు దాటింది. దొంగ సిగరెట్ల పెట్టె 15 డాలర్లకే దొరుకుతుందట, అదే కొట్లో వెనక నుంచి వేప్ కూడా. ఈ వ్యాపారం కోసం ముఠాలు కొట్టుకుంటున్నాయి. 2023 నుంచి విక్టోరియా రాష్ట్రంలో పొగాకు కొట్ల మీద వందకు పైగా నిప్పంటించిన దాడులు జరిగాయి. 2019-20లో 1,600 కోట్ల డాలర్లు దాటిన పొగాకు సుంకం ఆదాయం ఐదేళ్లలో సగానికి పడిపోయింది. మావాడు ఇప్పుడు వాడుతున్నది ఎక్కడ కొన్నాడో నేనడగలేదు, వాడు చెప్పలేదు.

ఇక బ్రిటన్. మూడింట్లో నా ఓటు దీనికే, కొన్ని తిట్లతో కలిపి. కారణం సాదా: అక్కడ సీసా మీద నికోటిన్ ఎంతో రాసి ఉంటుంది, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, దుకాణం పట్టపగలు తెరిచి ఉంటుంది, పిల్లలకు అమ్మితే పట్టుకోవడానికి ఒక చిరునామా ఉంటుంది. సిగరెట్ పెట్టె 16 పౌండ్ల పైమాటే కాబట్టి మారితే జేబుకి తెలుస్తుంది. 2023లో ప్రభుత్వమే 10 లక్షల మంది పొగరాయుళ్లకు వేప్ కిట్లు ఉచితంగా ఇచ్చే పథకం ప్రకటించింది. ఊరికే కాదు. అంతకుముందు 2019లో వెలువడిన, అక్కడ 886 మంది మీద చేసిన అధ్యయనంలో, ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం. నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి ఇచ్చినవాళ్లలో 9.9 శాతం. అలా మానిన వేప్ గుంపులో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వదల్లేదన్న సంగతి మాత్రం పన్ను వ్యతిరేకుల కరపత్రాల్లో కనిపించదు. సిగరెట్ పోయింది, అలవాటు ఉండిపోయింది.

మరి పన్ను? "అసలు పన్నే వద్దు" అనేవాళ్లతో నేను లేను. ఐదు పౌండ్లకు ఒకటి చొప్పున వాడి పారేసే గొట్టాలు బడిపిల్లల సంచుల్లోకి చేరాయి. 2025 జూన్ 1న అక్కడ వాటిని నిషేధించినప్పుడు కొట్లవాళ్లు ఎంత అరిచినా నాకు జాలి కలగలేదు. పైగా పన్ను వద్దనేవాళ్ల "స్వేచ్ఛ" నినాదం వెనక ఎవరున్నారో కూడా చూడాలి. 2018లో మార్ల్‌బొరో సిగరెట్ల కంపెనీ ఆల్ట్రియానే 1,280 కోట్ల డాలర్లు పోసి జూల్ అనే వేప్ కంపెనీలో 35 శాతం కొన్నది. అలవాటు చేసిన చెయ్యే మాన్పించే మందూ అమ్మడానికి దిగింది.

కానీ పన్ను ఎంత, ఎలా అన్నచోట వ్యతిరేకులదే పైచేయి. అమెరికాలోని మిన్నెసోటా 2010లో వేప్ టోకు ధర మీద పన్ను మొదలుపెట్టి 95 శాతం దాకా తీసుకెళ్లింది. ఆ పన్ను లేకపోతే మరో 32,400 మంది సిగరెట్ మానేసేవాళ్లని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. యూరప్‌లోని ఎస్టోనియా 2018లో మిల్లీలీటరుకు 20 యూరో సెంట్ల పన్ను వేసింది. జనం పక్కనున్న లాట్వియా నుంచి తెచ్చుకున్నారు, ఇళ్లలోనే ద్రవం కలుపుకున్నారు. చివరికి 2021లో ఆ ప్రభుత్వమే పన్నును ఆపేసింది. బ్రిటన్ వీటినుంచి ఒకటి నేర్చుకుంది: వేప్ సుంకంతో పాటే 100 సిగరెట్లకు 2.20 పౌండ్లు పెంచి రెండింటి మధ్య తేడా చెడకుండా చూస్తోంది. ఇంకోటి నేర్చుకోలేదు. 2024 మార్చిలో మొదట అనుకున్న పద్ధతిలో నికోటిన్ బలాన్ని బట్టి 10 మిల్లీలీటర్లకు ఒకటి, రెండు, మూడు పౌండ్లు. అక్టోబరుకల్లా, లెక్క తేలికవుతుందని, అన్నిటికీ ఒకే రేటు చేశారు. నికోటిన్ సున్నా ఉన్నా అంతే.

బావ గొడవంతా ఇక్కడే. అక్కడ నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు కాబట్టి, 50 మిల్లీలీటర్ల నికోటిన్ లేని సీసా కొని అందులో 18 బలం, అంటే మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న చిన్న సీసా ఒకటి పోసుకుంటాడు. మొత్తం 60, బలం 3కి దిగుతుంది. రెండేళ్లలో 18 నుంచి ఇలా 3కి వచ్చాడు, వారానికి ఒకటి అవుతుంది. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఓ కాగితం ఫొటో పంపాడు. ఒక పక్క: వారానికి 60 మిల్లీలీటర్లు, బలం 3, నికోటిన్ 180 మిల్లీగ్రాములు, వ్యాట్‌తో కలిపి సుంకం 15.84 పౌండ్లు. రెండో పక్క: వారానికి 10 మిల్లీలీటర్లు, బలం 20, నికోటిన్ 200, సుంకం 2.64. రెండో పక్క చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు. కింద, "మళ్లీ 20కి పొమ్మంటున్నారు చూడరా" అని రాశాడు.